వరి మడిలో మొదలయ్యే గోధుమ

పంజాబ్‌లో ఎకరా గోధుమకు సగటున 20 క్వింటాళ్లు వస్తాయి. బిహార్‌లో 12 వస్తే ఆ ఏడు బాగా పండినట్టే. రెండు చోట్లా హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రు నేలలే, రెండు చోట్లా చలికాలపు పంటే. విత్తనం కూడా చాలాసార్లు ఒకటే. ఢిల్లీలోనో కర్నాల్‌లోనో తయారైన రకాలు రెండు రాష్ట్రాలకూ వెళ్తాయి. మరి ఎకరాకు ఆ ఎనిమిది క్వింటాళ్లు ఎక్కడ పోతున్నాయి?

ఎరువు చాలకనో నీళ్లు చాలకనో అయ్యుంటుందని చప్పున తోస్తుంది. అందులో నిజం లేకపోలేదు, దాని సంగతి తర్వాత చూద్దాం. కానీ గంగా మైదానంలో గోధుమ మీద పనిచేసిన వ్యవసాయ శాస్త్రజ్ఞుల్ని అడిగితే ముందుగా ఎరువు ఊసెత్తరు. ఏ తేదీన విత్తారని అడుగుతారు. ఆ వెంటనే అంతకుముందు అదే పొలంలో ఏ వరి వేశారని అడుగుతారు. గోధుమ దిగుబడిలో పెద్ద వాటా గోధుమ గింజ నేలలో పడకముందే, వరి మడిలోనే తేలిపోతుంది. వరి గురించి పుట్టుకతోనే తెలిసిన తెలుగువాళ్లకు ఈ సంగతి చెప్పడం కొంత తేలిక.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. చదరపు మీటరు చేలో 450 వెన్నులున్నాయి, వెన్నుకు 35 గింజలున్నాయి, వెయ్యి గింజలు 40 గ్రాములు తూగుతాయి అనుకుందాం. గుణిస్తే 630 గ్రాములు. అంటే హెక్టారుకు 6.3 టన్నులు, ఎకరాకు పాతిక క్వింటాళ్ల పైచిలుకు. దిగుబడి అంటే ఈ మూడంకెల లబ్ధమే. ఎరువు గానీ నీరు గానీ ఎండ గానీ తెగులు గానీ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని కదిలించకుండా దిగుబడిని పెంచలేవు, తగ్గించలేవు.

ఈ మూడూ ఒకేసారి తేలవు. చదరపు మీటరుకు ఎన్ని వెన్నులన్నది పంట మొదటి నెలన్నరలో, పిలకలు వేసే కాలంలో చాలావరకు నిర్ణయమవుతుంది. వెన్నుకు ఎన్ని గింజలన్నది పూతకు ముందు నాలుగు వారాల్లో, వెన్ను ఇంకా పొట్టలో ఉండగానే ఖాయమవుతుంది. గింజ బరువు పూత తర్వాతి మాట. ముందు దశలో ఏదైనా లోటు వస్తే తర్వాతి దశ దాన్ని కొంత సర్దుతుంది. పిలకలు పలచబడితే ఉన్న వెన్నులే పెద్దవవుతాయి. గింజలు తగ్గితే ఉన్న గింజలు కాస్త బరువెక్కుతాయి. గింజ బరువు పడిపోతే మాత్రం సర్దడానికి ఆ తర్వాత ఇంకో దశ లేదు. కష్టమంతా ఆ చివరి నెలలోనే ఉంది, ఉత్తర భారతంలో ఆ చివరి నెల మార్చి.

గోధుమకు వయసు రోజుల లెక్కన రాదు, వేడి లెక్కన వస్తుంది. రోజూ సోకిన వెచ్చదనం మొక్కకు జమ పడుతూ ఉంటుంది. నిర్ణీత మొత్తం జమ కాగానే మొక్క తర్వాతి దశలోకి దాటేస్తుంది. ఈ దశలో చేయాల్సిన పని పూర్తయిందా లేదా అని చూసుకోదు. తిండి తయారు చేసేదేమో వెలుతురు. అందుకని వెలుతురు ఎక్కువ, వేడి తక్కువ ఉన్న రోజులు గోధుమకు అసలైన పండగ: వండుకోవడానికి కావలసినంత ఎండ, ముసలితనం మాత్రం నిదానంగా. వేడి పెరిగితే అదే పని తక్కువ రోజుల్లో ముగించాలి, ఆ తక్కువ రోజుల్లో అందే వెలుతురూ తక్కువే.

ప్రపంచ రికార్డులు ఎక్కడ పుడుతున్నాయో చూస్తే ఇది తేటపడుతుంది. న్యూజీలాండ్ దక్షిణ దీవిలో ఆష్‌బర్టన్ దగ్గర ఒక పొలంలో 2020లో హెక్టారుకు 17.398 టన్నుల గోధుమ పండి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఎకరాకు 70 క్వింటాళ్లు. రెండేళ్లకు ఇంగ్లండులో ఒక రైతు దాన్నీ దాటి 18 టన్నుల దగ్గరికి వెళ్లాడు. ఆ రైతుల నేర్పును తక్కువ చేయలేం గానీ, రెండు చోట్లా పక్కనే సముద్రం, చల్లని సుదీర్ఘమైన వసంతం, వేసవిలో పదిహేను పదహారు గంటల పగలు. పంట తొమ్మిది పది నెలలు పొలంలో ఉంటుంది. లూధియానా గోధుమకు దొరికేది ఐదు నెలలు. ఐదు నెలల్లో 20 క్వింటాళ్లు తీసే పంజాబ్ రైతును ఆష్‌బర్టన్ రైతు పక్కన నిలబెట్టి తక్కువవాడనడం అన్యాయం.

గింజ నిండే కాలంలో వేడి చేసే నష్టాన్ని ప్రయోగశాలల్లో బాగా కొలిచారు. పూత తర్వాత సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకి గింజ బరువు 3 నుంచి 4 శాతం తగ్గుతుంది. తగ్గడానికి కారణాలు రెండు. మొదటిది రోజులు కుదించుకుపోవడం. రెండోది ఇంకా లోపలిది: పంచదారను పిండిగా మార్చే ఎంజైముల్లో ఒకటైన స్టార్చ్ సింథేజ్ వేడికి త్వరగా డీలా పడుతుంది. ఆకుల నుంచి పంచదార వస్తూనే ఉంటుంది, గింజలో దాన్ని పిండిగా పేర్చే పని మాత్రం మందగిస్తుంది. అందుకే వేడిగాలి కొట్టిన ఏడు గోధుమ గింజలు ముడతలు పడి సన్నగా ఉంటాయి. 2015లో 30 పంట నమూనాలను కలిపి చేసిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, భూతాపం ఒక డిగ్రీ పెరిగితే ప్రపంచ గోధుమ ఉత్పత్తి సుమారు 6 శాతం పడిపోతుందని లెక్కగట్టింది.

2022లో ఈ శాస్త్రం వార్తల్లోకెక్కింది. ఆ ఏడు మార్చి దేశంలో 1901 నుంచి ఉన్న రికార్డుల్లోకెల్లా వేడి మార్చి. ఫిబ్రవరిలో ప్రభుత్వం వేసిన అంచనా 11.13 కోట్ల టన్నులు, అంటే చరిత్రలోనే పెద్ద పంట. అప్పటికి చేలు చూస్తే ఆ అంచనా తప్పనిపించదు. వెన్నులు సమృద్ధిగా ఉన్నాయి, గింజలూ కట్టాయి. మూడు అంకెల్లో రెండు రైతు చేతికొచ్చేశాయి. మూడోది మార్చి తినేసింది. మే నెలలో అంచనాను 10.64 కోట్ల టన్నులకు దించారు. ఉక్రెయిన్ యుద్ధం వల్ల ప్రపంచమంతా గోధుమ కోసం వెతుక్కుంటున్న వేళ, ఎగుమతులకు ముందుకొచ్చిన భారత్ మే 13న ఉన్నట్టుండి వాటిని నిషేధించింది. గింజ లోపల ఒక ఎంజైము మందగించడం కైరో బజారులో రొట్టె ధర దాకా పాకింది.

మార్చి వేడిని ఏ రైతూ ఆపలేడు. దాని కన్నా ముందే గింజ నిండిపోయేలా చూసుకోగలడు, అంతే. మరి తొందరగా విత్తేస్తే సరిపోతుందా అంటే, అదీ కుదరదు. వానాకాలపు వెచ్చదనం ఇంకా పోని అక్టోబరు మొదట్లో మామూలు రకాలు విత్తితే మొక్కకు వయసు గబగబా వచ్చేస్తుంది. పిలకలు సరిగా వేయకుండానే కాడ సాగుతుంది, జనవరి మంచులో పూత పడి దెబ్బతింటుంది. అందుకని వాయవ్య భారతంలో నవంబరు మొదటి సగం అదను. అది దాటి ఆలస్యమైన ప్రతి రోజుకూ హెక్టారుకు 30 కిలోలకు అటూ ఇటూగా పోతాయన్నది అక్కడి శాస్త్రజ్ఞులు వాడే మోటు లెక్క. నెల ఆలస్యమైతే దాదాపు ఒక టన్ను. ఈ మధ్య కొంచెం చలి సోకితే గానీ పూత వైపు మళ్లని గుణమున్న రకాలను అక్టోబరు చివర్లోనే విత్తడానికి తయారు చేస్తున్నారు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన హెచ్‌డీ 3385 అలాంటిదే.

ఇప్పుడు బిహార్ వెళ్దాం. అక్కడ చాలా ఊళ్లలో గోధుమ విత్తేది డిసెంబరులో, కొన్ని చోట్ల డిసెంబరు చివర్లో. అదను సంగతి తెలియక కాదు, పొలం ఖాళీగా ఉండక. పొలంలో ఇంకా వరి నిలబడి ఉంటుంది. ఆ వరి చాలా చోట్ల మన పశ్చిమ గోదావరి నుంచి వెళ్లినదే.

మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029, స్వర్ణ, తూర్పు భారతమంతా ఒక ఊపు ఊపింది. ఒడిశా, బెంగాల్, బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్‌ల పల్లపు భూముల్లో, తక్కువ ఎరువుతో నమ్మకంగా పండే రకంగా అది స్థిరపడిపోయింది. దాని కాలం దాదాపు 150 రోజులు. గోదావరి డెల్టాలో దీంతో ఏ పేచీ లేదు. స్వర్ణ తర్వాత మళ్లీ వరి, కాకపోతే మినుమో పెసరో. తర్వాత గోధుమ వేసే చోట మాత్రం ఈ 150 రోజులు కేలండరు మీద బరువుగా కూర్చుంటాయి.

లెక్కేసి చూడండి. జూన్ 10న నారు పోస్తే స్వర్ణ నవంబరు 7 నాటికి కోతకొస్తుంది. గోధుమ అదను దొరుకుతుంది. కానీ బిహార్ రైతు జూన్ 10న నారు పోయడు. నారుమడికి బోరు నీళ్లు పెట్టాలంటే ఖర్చు, అందుకే వాన కోసం చూస్తాడు. వాన పడి, మడి తడిసి, జూలై 5న నారు పోశాడనుకోండి. అప్పుడు వరి కోత డిసెంబరు 2. పల్లపు నేల ఆరాలి, పనలు ఎత్తాలి, రెండు మూడు చాళ్లు దున్నాలి. గోధుమ విత్తేసరికి క్రిస్మస్ వస్తుంది. ఆ గోధుమ మార్చి నెలలో గింజ పాలు పోసుకుంటూ ఉండగా పడమటి నుంచి పొడి వేడిగాలి మొదలవుతుంది. దాన్ని అక్కడ పఛువా అంటారు. పఛువా మొదలయ్యాక ఎంత యూరియా చల్లినా చేసేదేమీ లేదు. అంటే మార్చిలో తగ్గిన గింజ బరువుకు కారణం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, జూన్‌లో వాన కోసం ఆగిన నారుమడి దగ్గర తేలతాం. ఎరువుల దుకాణం దారిలో ఎక్కడా తగలదు.

పంజాబ్‌లోనూ గోధుమ తేదీని వరే శాసిస్తుంది, కాకపోతే అక్కడ మధ్యలో ఒక చట్టం ఉంది. భూగర్భ జలం పాతాళానికి దిగిపోతుండటంతో, మండు వేసవిలో నాట్లేసి నీళ్లు ఆవిరి చేయొద్దని 2009లో రాష్ట్రం చట్టం చేసింది. జూన్ 10కి ముందు వరి నాట్లు వేయకూడదంది. తర్వాతి ఏళ్లలో ఆ తేదీని ముందుకూ వెనక్కూ జరుపుతూ వచ్చారు. నీటి కోణం నుంచి మంచి చట్టమే. కానీ నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరుగుతాయి. వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య రెండు మూడు వారాలే మిగిలాయి. కంబైను కోసి వదిలిన కొయ్యకాళ్లు, గడ్డి అంతలో కుళ్లవు. అందుకే అగ్గిపుల్ల. నవంబరులో ఢిల్లీ ఊపిరాడక తిట్టే పొగ వెనుక గోధుమ అదను తప్పుతుందన్న భయం ఉంది. ఆ భయానికి కారణం పైన చెప్పిన 30 కిలోల లెక్కే.

లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆస్ట్రేలియా ఇంజనీర్లతో కలిసి 2000 తర్వాతి ఏళ్లలో హ్యాపీ సీడర్ అనే యంత్రం తయారు చేసింది. దున్నకుండానే, కొయ్యకాళ్లను నరికి పక్కకు తోస్తూ, గోధుమను నేరుగా నేలలో దించుతుంది. దుక్కికి పట్టే రోజులు మిగులుతాయి, పైన పరుచుకున్న గడ్డి నేల పదును ఆరిపోకుండా కాపాడుతుంది. యంత్రానికి తోడు విత్తనమూ మారుతోంది. దాదాపు 160 రోజుల పూసా 44 వరి స్థానంలో, నారుతో కలిపి 123 రోజుల్లో ముగిసే పీఆర్ 126ను అదే విశ్వవిద్యాలయం తెచ్చింది. గోధుమ దిగుబడి కోసం వరి రకం మార్చడమన్న మాట.

వరి గోధుమకు అప్పగించి పోయేది ఆలస్యం ఒక్కటే కాదు. వరి కోసం దమ్ము చేసి చేసి నేలలో అడుగు లోతులోపే గట్టి పొర ఏర్పడుతుంది. నీళ్లు నిలవాలి కాబట్టి వరికి ఆ పొర కావాలి. గోధుమ వేరుకు అదే పొర గోడ. బరువైన నేలల్లో మొదటి తడి తర్వాత నీళ్లు ఇంకక, గోధుమ పసుపుపచ్చగా మారడం అందరూ చూసేదే. తేలిక నేలల్లో ఇంకో చిక్కుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో గాలి ఆడక మాంగనీసు కరిగే రూపంలోకి మారి నీటితో పాటు కిందికి జారిపోతుంది. కొన్నేళ్లు వరి పండించిన పంజాబ్ ఇసుక నేలల్లో గోధుమకు మాంగనీసు లోపం అలా వచ్చింది. వరి రాకముందు ఆ నేలల్లో ఈ జబ్బు ఎవరికీ తెలియదు.

కలుపూ అంతే. గుల్లీ దండా అని అక్కడివాళ్లు పిలిచే గడ్డి చిన్నప్పుడు అచ్చం గోధుమలా ఉంటుంది. మొదలు గిల్లి చూస్తే ఎర్రటి చార కనిపిస్తుంది, తేడా అదే. వరి, గోధుమ ఒకదాని వెంట ఒకటి వేసే తడి నేలలు దానికి బాగా నచ్చాయి. ఐసోప్రొట్యూరాన్ అనే మందు ఏళ్ల తరబడి దాన్ని అణచింది. అందరూ అదే మందు కొట్టారు, ఏటా కొట్టారు. 1990ల మొదట్లో హర్యానాలో ఆ మందుకు లొంగని గుల్లీ దండా బయటపడింది. కొన్ని చోట్ల రైతులు చేను మొత్తం పశువుల మేతకు కోసేయాల్సి వచ్చింది. దానికి దొరికిన ఉపాయాల్లో ఒకటి మళ్లీ తేదీయే. ఆ గడ్డి మొలవడానికి చల్లదనం కావాలి. నేల ఇంకా కాస్త వెచ్చగా ఉండగానే, దున్ని దాని గింజల్ని పైకి తేకుండా విత్తితే గోధుమ దానికన్నా ముందు లేస్తుంది.

ఇప్పుడు విత్తనం సంగతికొద్దాం. పొట్టి గోధుమ కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. జపాన్‌లో గొంజిరో ఇనజుకా 1935లో నోరిన్ 10 అనే పొట్టి రకం తీశారు. యుద్ధం ముగిశాక 1946లో అది అమెరికా చేరింది. అక్కడి శాస్త్రజ్ఞుడు ఆర్విల్ వోగెల్ చేతుల మీదుగా మెక్సికోలో నార్మన్ బోర్లాగ్‌కు అందింది. అక్కడి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ వంటి శాస్త్రజ్ఞుల పట్టుదలతో మన దేశానికి వచ్చింది. 1966లో భారత్ మెక్సికో నుంచి 18,000 టన్నుల విత్తనం దిగుమతి చేసుకుంది. 1964–65లో 1.23 కోట్ల టన్నులున్న గోధుమ 1967–68లో 1.65 కోట్ల టన్నులైంది. పొట్టిదనం వల్ల లాభం రెండు విధాల వచ్చింది. నత్రజని ఎక్కువేస్తే పొడుగు గోధుమ బరువుకు పడిపోతుంది, పొట్టిది నిలబడుతుంది. పైగా కాడకు పోవాల్సిన తిండి వెన్నుకు పోయి గింజలు పెరుగుతాయి.

అంతగా చెప్పుకోని భాగం ఒకటుంది. పొట్టిదనాన్నిచ్చే జన్యువు మొక్కను జిబ్బరెలిన్ అనే ఎదుగుదల హార్మోను మాట విననివ్వదు. దీని గుట్టు 1999లో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ కేంద్రం శాస్త్రజ్ఞులు విప్పారు. ఆ జన్యువు కాడనే కాదు, గింజ నుంచి మట్టిని చీల్చుకుంటూ పైకి వచ్చే మొలక తొడుగునూ పొట్టి చేస్తుంది. పాత నాటు గోధుమను పదును అందే దాకా లోతుగా, మూడు నాలుగు అంగుళాల కింద విత్తేవారు. దాని తొడుగు పొడుగు, పైకి వచ్చేసేది. పొట్టి రకాన్ని అదే లోతులో వేస్తే మొలక దారిలోనే ఆగిపోయింది. రెండంగుళాలు మించొద్దని రైతులకు కొత్తగా నేర్పాల్సి వచ్చింది. రెండంగుళాల్లో పదును ఉండాలంటే విత్తేముందు నేల తడపాలి. విత్తాక 21 రోజులకు, కాడ మొదట్లో కొత్త వేర్లు పుట్టే వేళకు మొదటి తడి అందాలి. ఆ వేర్లే పిలకల్ని పోషిస్తాయి. ఆ తడి తప్పితే మొదటి అంకె, వెన్నుల సంఖ్య, పడిపోతుంది. నాటు గోధుమ ఐదు వారాల దాకా ఓపిక పట్టేది. అలా కొత్త విత్తనంతో పాటు బోరుబావీ తప్పనిసరైంది.

నీళ్ల దగ్గర బిహార్ మళ్లీ వెనకబడుతుంది. పంజాబ్‌లో పొలానికి కరెంటు ఉచితం, గోధుమకు నాలుగైదు తడులు మామూలు. బిహార్‌లో చాలాకాలం డీజిల్ పంపును గంట లెక్కన అద్దెకు తెచ్చుకోవడమే గతి. కరెంటు ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. అద్దె గంటలు లెక్కపెట్టే రైతు రెండు తడులతో సరిపెడతాడు. గింజ నిండే వేళ ఇచ్చే తడికి ఇంకో విలువుంది: నీళ్లు అందిన చేను ఆవిరి విడుస్తూ చుట్టూ గాలికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. మార్చి వేడి మొదలయ్యాక రైతు దగ్గరున్న మందు అదొక్కటే. అదీ ఈదురుగాలి రోజున పెడితే నేల మెత్తబడి చేను పడిపోతుంది, కాబట్టి ఆకాశం చూసి పెట్టాలి.

నత్రజని విషయంలో నాకు పెద్ద వివాదం కనబడదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు 1843లో బ్రాడ్‌బాక్ పొలంలో మొదలుపెట్టిన గోధుమ ప్రయోగం ఇప్పటికీ సాగుతోంది. నూట ఎనభై ఏళ్లుగా ఏ ఎరువూ వేయని మడి హెక్టారుకు టన్ను దగ్గరే ఆగిపోయింది. ఎరువు, పంట మార్పిడి, కొత్త రకాలు కలిసిన మడులు మంచి ఏళ్లలో 9 టన్నులు దాటుతున్నాయి. ఎరువు లేకుండా గోధుమ పండుతుందనేవారికి ఆ మొదటి మడి జవాబు. యూరియా బస్తాలు పెంచుకుంటూ పోవడమే వ్యవసాయం అనుకునేవారికి రెండో రకం మడుల్లో ఎరువుకు తోడైన పంట మార్పిడి, కొత్త రకాలు జవాబు.

ఇక తుప్పు తెగులు. ఆగ్రా కళాశాల ఆచార్యుడు కరమ్ చంద్ మెహతా జీవితమంతా ఈ తెగులు వెంట తిరిగారు. మైదానాల వేసవిని తట్టుకోలేక చచ్చిపోయే శిలీంధ్రం ప్రతి శీతాకాలం మళ్లీ ఎక్కడి నుంచి వస్తోంది? కొండల మీది చల్లదనంలో, వేసవిలోనూ పెరిగే గోధుమ మీద బతికి ఉండి గాలితో దిగుతోందని ఆయన తేల్చారు. పసుపు తుప్పు హిమాలయాల నుంచి, కాడ తుప్పు నీలగిరి, పళని కొండల నుంచి. నవంబరులో బంగాళాఖాతంలోనో అరేబియా సముద్రంలోనో పుట్టిన వాయుగుండం మధ్య భారతం మీదికి వెళ్లి కరిగిపోయిన ఏళ్లలో, దక్షిణాది కొండల తుప్పు ఉత్తరానికి ప్రయాణించే అవకాశం హెచ్చని 1970లలో శాస్త్రజ్ఞులు సూత్రీకరించారు. మన వరి కుప్పల్ని ముంచే తుపానుకు మధ్యప్రదేశ్ గోధుమతోనూ పని ఉందన్నమాట.

తుప్పుకు మందు తట్టుకునే రకం. ఆ తట్టుకునే గుణానికీ ఆయుష్షు ఉంటుంది. 1995లో వచ్చిన పీబీడబ్ల్యూ 343 ఎంత బాగా పండిందంటే పదేళ్లలో లక్షల హెక్టార్లలో అదే తప్ప ఇంకోటి కనబడలేదు. అంత మేత ఒకేచోట దొరికాక దాన్ని ఛేదించే కొత్త పసుపు తుప్పు పుట్టకుండా ఉంటుందా? 2010 ప్రాంతానికి ఆ రకం పని అయిపోయింది. తర్వాత హెచ్‌డీ 2967 ఆ స్థానంలోకి వచ్చింది, అదీ అంతే వేగంగా అంతటా పరుచుకుంది. ఒకే రకం మీద పడి ఎగబడటం మనం మానలేదు. దిగుబడి పట్టికల్లో కనబడని ప్రమాదం ఇది. సగటు బాగున్నన్నాళ్లు ఎవరికీ పట్టదు.

తెలుగు నేలల్లో గోధుమ ఎందుకు లేదో కూడా ఈ లెక్కల్లోనే ఉంది. తెలంగాణలో ఆదిలాబాద్, మెదక్ వైపు కాస్త పండిస్తారు. మన చలికాలం పొట్టిది. ఫిబ్రవరిలోనే మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటుతుంది, గింజకు తీరిక ఉండదు. ఇది రైతుల లోపమూ కాదు, నేల లోపమూ కాదు. కాబట్టి ఇక్కడ గోధుమ విస్తరించాలని అప్పుడప్పుడూ వినబడే మాటల్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

బిహార్ సంగతి వేరు. అక్కడి చలికాలం పంజాబ్ కన్నా కొంచెం పొట్టిదే అయినా, ఎకరాకు ఎనిమిది క్వింటాళ్ల తేడాకు అది చాలదు. నారుమడి వానకు ముందే తడిస్తే, వరి 130 రోజుల్లో ముగిసే రకమైతే, దున్నకుండా విత్తే యంత్రం ఊళ్లో అద్దెకు దొరికితే, గోధుమ నవంబరులో నేలలో పడుతుంది. 21వ రోజు తడికి డీజిల్ బదులు కరెంటు ఉంటే పిలకలు నిలబడతాయి. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సినది కాదు. బిహార్ గోధుమ మీద డబ్బు ఖర్చు పెట్టదలచిన ప్రభుత్వం దాన్ని ముందుగా జూన్ మొదటి వారంలో వరి నారుమళ్లకు నీళ్లివ్వడానికి ఖర్చు పెట్టాలి.